చుక్కారావుకి శాలువా

ఒక పెద్ద అడవిలో, పొద్దు ఇంకా సరిగ్గా ఎక్కకముందే, వీధి ఆ చివరి నుంచి ఒక కేక వినబడింది.

“పైడిరాజు మాస్టారూ, దొరికాడండీ. మనకి కావలసినవాడు దొరికాడు.”

కేక వేసింది ముంగిస బంగారయ్య. ఆ అడవిలో ఏ కాలేజీకి ఆటగాడు కావాలన్నా, ఏ ఆటగాడికి కాలేజీ కావాలన్నా, మధ్యలో బంగారయ్య ఉండి తీరాలి. పెళ్ళిళ్ళ పేరయ్యలు ఉంటారు చూడండి, అలాగన్నమాట. ఇక్కడ సంబంధం కుదిరేది బంతికీ బుట్టకీ.

కొండముచ్చు పైడిరాజు అప్పుడు చెట్టుమీద ఉన్నాడు. కాలేజీకి బాస్కెట్‌బాల్ కోచ్ ఆయన. బుట్టకి అల్లిన అడవితీగలు తెగిపోతే కొత్తవి అల్లుతున్నాడు. అవి తరచుగా తెగేవి. మనవాళ్ళు వేసిన బంతులకి కాదు లెండి, అవతలివాళ్ళు వేసిన బంతులకి.

సంగతేమిటంటే, ఏటికి అవతల ఇంకో కాలేజీ ఉంది. వాళ్ళు స్పోర్ట్స్ కోటాలో సీటిచ్చి ఎక్కడో ఎడారి నుంచి ఒక ఒంటెని తెప్పించుకున్నారు. ఆ ఒంటె ఎగరదు, గెంతదు, చెమట కూడా పట్టదు. తాపీగా వచ్చి, మెడ చాచి, మనం అటకమీద డబ్బా పెట్టినట్టు బంతిని బుట్టలో పెట్టి వెళ్ళిపోతుంది. మన పైడిరాజు టీములో చూస్తే కెప్టెన్ కుందేలు సీతాలు, ఒక జింక, ఒక ఉడుత, అడవిపంది పిల్లలు ఇద్దరు. ఉడుత చేతికి బంతి ఇస్తే ఆ తర్వాత ఉడుత కనబడేది కాదు, బంతి ఒక్కటే నడిచి వస్తున్నట్టు ఉండేది.

“ఎవరయ్యా దొరికింది?” అన్నాడు పైడిరాజు.

“ముందు మీరు కూర్చోండి.”

“కొమ్మమీదే కూర్చున్నాను కదా, ఇంకెక్కడ కూర్చోను. చెప్పు.”

“చిరుత.”

పైడిరాజు చేతిలో తీగ కింద పడింది.

“నా టీములో కుందేలు ఉందయ్యా బంగారయ్యా.”

“చూశాను.”

“జింక ఉంది.”

“అదీ చూశాను. వాళ్ళని చూశాకే కదా మాస్టారూ, మీకు చిరుత అవసరమని నాకు అనిపించింది.”

“మరి పాత కాలేజీవాళ్ళు ఎందుకు వదులుకున్నారు?”

“వదులుకోవడమేమిటండీ, సన్మానం చేసి పంపారు. అంతకుముందు కాలేజీ వాళ్ళూ అంతే. కుర్రాడు ఎక్కడికి వెళ్ళినా శాలువా కప్పకుండా పంపలేదు.”

ఇక్కడ పైడిరాజు ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉండాల్సింది. అంత గొప్పవాణ్ణి అందరూ ఎందుకు పంపించేస్తున్నారు అని. నిజానికి ఆయన ఆలోచన మొదలుపెట్టాడు కూడా. కానీ మధ్యలో ఒంటె మెడ గుర్తొచ్చింది. దాంతో ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

చిరుత పేరు చుక్కారావు. మర్నాడే సెలక్షన్‌కి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారం పెట్టాడు. పెట్టె తెరిస్తే అందులో బట్టలకంటే శాలువాలే ఎక్కువ ఉన్నాయి. ఆట మొదలుపెట్టమనగానే కోర్టు మధ్య నుంచి ఒక్క గెంతు గెంతి, బంతిని బుట్టలో వేసి, తను కూడా సగం బుట్టలోకి దూరి, మళ్ళీ కిందికి దిగి, “బుట్ట కొంచెం వదులైంది మాస్టారూ, క్షమించాలి” అన్నాడు.

చూడ్డానికి వచ్చిన కాలేజీ కార్యవర్గం నోళ్ళు తెరిచేసింది. కార్యవర్గం అంటే అధ్యక్షులు అడవిదున్న భూషయ్య గారు, ఆయన తమ్ముడు, ఆయన బావమరిది. కాలేజీకి చోటిచ్చింది వాళ్ళే. పొద్దున్న వచ్చి కూర్చుంటే సాయంత్రం వరకు లేవరు. ఆ కూర్చోవడాన్నే సమావేశం అంటారు. వాళ్ళ పక్కన ప్రిన్సిపాల్ నెమలి నీలకంఠం గారు. ఎవరైనా ఒక మంచి మాట అంటే చాలు, ఈయన పింఛం విప్పేస్తారు. వెనక కూర్చున్నవాళ్ళకి ఇక సభ కనబడదు.

అంతా బాగానే ఉంది. అయితే చివర్లో బంతి దొర్లిపోతుంటే సీతాలు దాని వెనక పరిగెత్తింది. అంతే, చుక్కారావు కళ్ళు మారాయి. ఒళ్ళు నేలకి దిగింది. తోక చివర సన్నగా కదలడం మొదలుపెట్టింది. పైడిరాజు ఉన్న బలమంతా పెట్టి విజిల్ ఊదాడు.

చుక్కారావు నిద్రలోంచి లేచినవాడిలా తల విదిలించుకున్నాడు. “ఏమైంది మాస్టారూ? ఫౌలా?”

“ఆ, ఫౌలే” అన్నాడు పైడిరాజు.

ఏ ఫౌలో చెప్పలేదు. పాపం ఆ కుర్రాడికి తెలియనే తెలియదు, పరిగెత్తేది ఏదైనా కంటపడితే తనకి ఒళ్ళు తెలియదని. పైడిరాజుకి తెలిసింది. కానీ చెబితే వెళ్ళిపోతాడేమోనని నోరు మూసుకున్నాడు.

సాయంత్రం సీతాలు వాళ్ళమ్మ కోర్టు గట్టు దగ్గరికి వచ్చింది. వెనక జింక వాళ్ళమ్మ, ఇంకా వెనక మిగతా అమ్మలు.

“మాస్టారూ, కొత్తగా ఎవరో వచ్చాడట.”

“వచ్చాడమ్మా. చాలా మర్యాదస్తుడు.”

“మర్యాదస్తుడే, కాదనను. మర్యాదగానే తింటాడు కాబోలు.”

“అమ్మా, పొద్దున్న ఎంతమంది వస్తే సాయంత్రం అంతమందినీ ఇంటికి పంపే పూచీ నాది. ఒక్కళ్ళు తక్కువైనా మీరు నన్ను అడగండి.”

“అడగడానికి మీరుంటారు లెండి, కొమ్మమీద” అంది జింక వాళ్ళమ్మ. అయినా పిల్లల్ని మాన్పించలేదు. ఒంటె మీద వాళ్ళకీ కోపమే.

ఇక ఉపాయం కావాలి కదా. కార్యవర్గం కూర్చుంది. చుక్కారావుకి చెప్పడం మాత్రం కుదరదు, నొచ్చుకుంటాడు. మరెలా? భూషయ్య గారే తేల్చారు. “పరిగెత్తితేనే కదయ్యా ఇబ్బంది. మనవాళ్ళని పరిగెత్తవద్దను.”

ప్రిన్సిపాల్ గారు వెంటనే సర్క్యులర్ తీశారు. ఇకపై మన కాలేజీ క్రీడాకారులు కోర్టులో హుందాగా నడవవలెను అని.

అలా మొదలైంది నడక బాస్కెట్‌బాల్. జింక పెళ్ళికూతురిలా అడుగులు వేసేది. అడవిపంది పిల్లలు ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరసలో వెళ్ళేవారు. సీతాలుకి గెంతడం తప్ప నడవడం రాదు, పాపం కాళ్ళకి తీగ కట్టుకుని నేర్చుకుంది. బంగారయ్య కూడా ఆ రోజుల్లో ఆ వీధిలోకి వస్తే నడిచే వచ్చేవాడు.

“మీ ఊళ్ళో ఆట చాలా నెమ్మదండీ మాస్టారూ” అన్నాడు చుక్కారావు ఒకసారి.

“ఇది మా పద్ధతి బాబూ. పాతకాలం నుంచీ ఇంతే.”

“బాగుందండీ. మనసుకి ప్రశాంతంగా ఉంటుంది.”

ఆటలో మాత్రం తిరుగు లేదు. మనవాళ్ళు నలుగురూ నాలుగు మూలలా నిలబడి బంతి వస్తే చుక్కారావుకి ఇవ్వడం, చుక్కారావు బుట్టలో వెయ్యడం. అవతలి టీములు, వీళ్ళెందుకు ఇంత ధీమాగా నిలబడ్డారో తెలియక కంగారుపడి తామూ నిలబడిపోయేవి. గెలుపు మీద గెలుపు. భూషయ్య గారు కాలేజీ గోడమీద తన బొమ్మ వేయించుకున్నారు. బంతి పట్టుకుని ఉన్నట్టు.

చివరికి ఏటవతలి కాలేజీతో ఆట వచ్చింది. అందరూ ఏటి ఒడ్డు కోర్టుకి చేరారు. ఒంటె ఎప్పటిలాగే తాపీగా వచ్చింది, మెడ చాచింది. చుక్కారావు గాల్లోనే బంతి లాక్కున్నాడు. మళ్ళీ చాచింది, మళ్ళీ లాక్కున్నాడు. పుట్టి బుద్ధెరిగి ఒంటెకి అలాంటి అవమానం జరగలేదు. రోషం వచ్చింది. రోషంలో పరుగు లంకించుకుంది.

ఆ తర్వాత జరిగింది పైడిరాజు పూర్తిగా చూడలేదు, కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి చుక్కారావు ఒంటె మూపురం మీద ఉన్నాడు, ఒంటె ఏటిలో ఉంది. ఏరు దాటి, ఊరు దాటి, మూపురం మీదవాణ్ణి ఒక ముళ్ళకంప దగ్గర దించేసి, అటునుంచి అటే ఎడారికి వెళ్ళిపోయింది. పెట్టె కోసం కూడా తిరిగి రాలేదు.

కప్పు మనదే. ఈలలు, డప్పులు. ఆ సంతోషంలో సీతాలు సర్క్యులర్ మర్చిపోయింది. కప్పు తెద్దామని పరిగెత్తింది.

అప్పుడే తిరిగొచ్చిన చుక్కారావు గట్టుమీద నుంచి గెంతాడు. పైడిరాజు విజిల్ ఊదాడు, డప్పుల్లో వినబడలేదు. సీతాలు దొరికిన బొరియలో దూరింది. తోకలో సగం బయట ఉండిపోయింది.

విజిల్ రెండోసారి వినబడ్డాక చుక్కారావు నోట్లోంచి ఆ దూదిపింజ తీసి చూసుకుని, “ఇదేమిటండీ, కప్పుకి కట్టిన కుచ్చా?” అన్నాడు.

పైడిరాజు బొరియలో చెయ్యి పెట్టి సీతాలుని బయటికి తీశాడు. పిల్ల వణుకుతోంది. కప్పు ఎక్కడుందో ఆయనకి గుర్తు లేదు. ఎంతమంది వచ్చారో అంతమందీ ఉన్నారు, నిజమే. తోక లెక్కలో వేసుకోకపోతే.

మర్నాడు కోర్టుకి పిల్లలెవరూ రాలేదు.

“అతన్ని పంపించెయ్యాలండీ” అన్నాడు పైడిరాజు కార్యవర్గంతో.

“పంపిద్దాం” అన్నారు భూషయ్య గారు. “ఎవరు చెబుతారు?”

తమ్ముడు నెమరు వేశాడు. బావమరిది నెమరు వేశాడు. ప్రిన్సిపాల్ గారు పింఛం ముడిచేసి మామూలు కోడంత అయిపోయారు.

“మీరు చెప్పండి మాస్టారూ” అన్నారు చివరికి.

“నేనా?” అన్నాడు పైడిరాజు.

అప్పుడు బంగారయ్య నవ్వాడు. “దీనికింత చర్చ ఎందుకండీ. సన్మానం పెట్టండి.”

ఆ అడవిలో ఆచారం అది. అక్కర్లేనివాణ్ణి పొమ్మని ఎవరూ అనరు. పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, శాలువా కప్పి, నలుగురు నాలుగు మంచి మాటలు చెబుతారు. ఆ మాటలన్నీ ‘ఉండేవారు, చేసేవారు, ఆడేవారు’ అని జరిగిపోయినట్టు ఉంటాయి. తెలివైనవాడు ఇంటికెళ్ళి పెట్టె సర్దుకుంటాడు. బంగారయ్య ఇంకో పని కూడా చేశాడు. ఏటవతలి కాలేజీ ప్రిన్సిపాల్ మొసలి మకరాంబ గారిని ముఖ్య అతిథిగా పిలిచాడు. ఒంటె పోయిన చోటు ఖాళీగా ఉంది కదా, సభ అవగానే ఆవిడే వెంటబెట్టుకుని పోతుంది.

సభ మధ్యాహ్నం భోజనాల ముందు పెట్టారు. పులిహోర, గారెలు, పనసపొట్టు కూర వాసన సభ మీదికి వస్తోంది. చుక్కారావు కోసం ఏటినుంచి గంపెడు చేపలు కూడా తెప్పించారు. అమ్మలందరూ పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వెనక వరసలో ఉన్నారు.

భూషయ్య గారు మైకు అందుకున్నారు. ఆయనకి మైకు దొరకడం అరుదు, దొరికాక వదలడం ఇంకా అరుదు. “చుక్కారావు మా ఆటగాడు కాడు, మా ఇంటి బిడ్డ” అన్నారు. చప్పట్లు. చప్పట్లు పడ్డాక ఆగితే బాగుండేది. “అతను లేని ఈ కాలేజీని ఊహించలేను” అన్నారు. ఇంకా చప్పట్లు. తమ్ముడు లేచి, అన్న అంతన్నాక తను తగ్గితే బాగుండదని, “అతను అడుగు పెట్టాకే ఈ అడవికి పచ్చదనం వచ్చింది” అన్నాడు. బావమరిది ఏడ్చేశాడు. ప్రిన్సిపాల్ గారు పింఛం విప్పి ఒక పద్యం అందుకుని, దాన్నే మూడు రాగాల్లో పాడారు. మకరాంబ గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ విషయంలో దాన్నెవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పైడిరాజు ఒక్కడే మైకు వైపు వెళ్ళలేదు. సీతాలు వైపు చూస్తూ కూర్చున్నాడు.

శాలువా కప్పారు. చుక్కారావు లేచాడు. శాలువా సర్దుకున్నాడు.

“పెద్దలకి నమస్కారం. నేను వెళ్ళిన ప్రతి అడవిలోనూ శాలువా కప్పారు. కప్పాక ఎందుకో ఉండబుద్ధి అయ్యేది కాదు. ఇంత ప్రేమ మాత్రం ఎక్కడా చూడలేదు. నిజానికి ఇవాళ సాయంత్రం వెళ్ళిపోదామనే పెట్టె సర్దుకున్నాను. భూషయ్య గారి మాటలు విన్నాక మనసు మారింది. బిడ్డ అన్నారు. ఇక నేనెక్కడికీ వెళ్ళను. చదువు పూర్తయినా సరే, ఇక్కడే ఉంటాను.”

మాట ఆగగానే అలవాటుకొద్దీ సభంతా చప్పట్లు కొట్టింది. కొట్టాక గానీ ఏం విన్నారో బుర్రకెక్కలేదు. వెనక వరసలో అమ్మలు పిల్లల్ని గట్టిగా పట్టుకున్నారు. సీతాలు వాళ్ళమ్మ లేచి నిలబడి పైడిరాజు వంక చూసింది.

ఆ చూపుకి పైడిరాజు కాళ్ళు వాటంతట అవే మైకు దగ్గరికి నడిచాయి.

“బాబూ చుక్కారావూ, ఒక మాట. నువ్వంటే మాకు భయం.”

సభలో గారెలు వేగే చప్పుడు వినబడింది.

“నీ ఎదురుగా ఎవరైనా పరిగెత్తితే నీకు ఒళ్ళు తెలియదు. మొదటిరోజే చూశాను. అందుకే ఇక్కడ అందరూ నడుస్తున్నారు. అది మా పద్ధతేం కాదు, నీ కోసం పెట్టింది.”

చుక్కారావు వెనక వరస వైపు తిరిగాడు. “నిజమేనా సీతాలూ?”

“నిజమే అన్నా” అంది సీతాలు, తల్లి చాటు నుంచి. “ఆ రోజు నువ్వు కప్పు కుచ్చు అన్నావు చూడు, అది నా తోక.”

చుక్కారావు శాలువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “మరి మొదటిరోజే చెప్పొచ్చుగా మాస్టారూ?”

“అప్పుడు ఒంటె ఉందిగా బాబూ” అన్నాడు పైడిరాజు.

అన్నాక ఆ మాట ఆయనకే చెడ్డగా వినబడింది. తల దించుకుని, “తప్పు నాదే. నీకు చెప్పకపోవడం ఒకటి, పిల్లల మధ్యకి తేవడం ఒకటి” అన్నాడు.

“అయితే ఇన్ని శాలువాలూ ఇందుకేనా” అన్నాడు చుక్కారావు నెమ్మదిగా. “సరే, వెళతాను. మకరాంబ గారూ, పదండి.”

మకరాంబ గారు కుర్చీ వెనక్కి జరిపారు. “నాయనా, మా పిల్లలు కూడా పరిగెత్తుతారు. ఇదేదో ఎవరూ చెప్పకుండా ఉంటే తీసుకెళ్ళేదాన్ని. విన్నాక ఎలా తీసుకెళ్ళను?”

ఇప్పుడు ఆ కుర్రాడు ఎక్కడికి పోతాడు? ఏ కాలేజీకి వెళ్ళినా పరిగెత్తేవాళ్ళే. పొమ్మంటే పాపం, ఉండమంటే పిల్లలు. పైడిరాజు వేదిక మీద అటూ ఇటూ చూశాడు. చూస్తూ చూస్తూ కార్యవర్గం మీద ఆయన చూపు ఆగింది. భూషయ్య గారు, తమ్ముడు, బావమరిది. పొద్దున్న కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు.

“భూషయ్య గారూ, మీరు ఎప్పుడైనా పరిగెత్తారా?”

“నేనా? నాకేం ఖర్మ.”

“మీ తమ్ముడు గారు?”

“వాడు నడవడమే తక్కువ.”

“అయితే బాబు చుక్కారావుకి ఈ అడవిలో క్షేమమైన చోటు ఒకటుందండీ. ఆటలోంచి తీసేద్దాం. కార్యవర్గంలోకి తీసుకుందాం. మీ మధ్య కూర్చుంటే అతనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు. మీరెలాగూ బిడ్డ అన్నారు.”

భూషయ్య గారు నోరు తెరిచారు. వెనక వరస నుంచి చప్పట్లు మొదలయ్యాయి. ఈసారి అలవాటుకొద్దీ కాదు. అందరికంటే గట్టిగా కొట్టింది సీతాలు వాళ్ళమ్మ.

“అంటే, దానికి నియమాలవీ...” అన్నాడు బావమరిది.

“మీరు ఇందాక ఏడ్చారు గదండీ” అన్నాడు చుక్కారావు ఎంతో ఆప్యాయంగా, అతని పక్కకి జరిగి. బావమరిది నియమాల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

భోజనాలకి లేచారు. పంక్తులు వేశారు, అడ్డాకులు పరిచారు. చుక్కారావు అటు తిరిగి కూర్చున్నాక పిల్లలు మాత్రం పరుగున వచ్చి వరసలో కూర్చున్నారు. ఎన్నాళ్ళకో పరిగెత్తారేమో, కూర్చున్నా కాళ్ళు ఊపుతూనే ఉన్నారు. పైడిరాజు వాళ్ళ పంక్తిలోనే, చివరి ఆకు ముందు కూర్చున్నాడు. జింక వాళ్ళమ్మ ఆయన ఆకులో అడక్కుండానే రెండు గారెలు వేసింది.

ఎదురు పంక్తిలో పెద్దలు. చుక్కారావు భూషయ్య గారికీ తమ్ముడికీ మధ్యన, పిల్లలకి వీపు పెట్టి కూర్చుని, చేప ముల్లు తీసుకుంటూ, కార్యవర్గంలో ఏమేం చెయ్యాలో అడుగుతున్నాడు. బావమరిదికి కూరలో ఉప్పు కావలసి వచ్చింది గానీ లేవలేదు. భూషయ్య గారు పులిహోర ఒక్కో మెతుకే నములుతున్నారు, గబగబా తింటే అదీ పరుగు కిందికే వస్తుందేమోనని. బంగారయ్య వడ్డించి పోదామనుకున్నాడు, “మీరూ కూర్చోండి” అని చుక్కారావు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టాడు. అలా ఆ రోజు అందరూ కలిసి కూర్చుని, ఎవరూ తొందరపడకుండా, కడుపునిండా తిన్నారు.

ఇంతకీ నీతి ఏమిటంటారా: ప్రమాదమైనవాణ్ణి పొమ్మనలేనప్పుడు, వాణ్ణి పొగిడినవాళ్ళ మధ్యన ఆకు వెయ్యాలి.